కూర్చుంటే పిలిచే కుర్చీ

భువన పచ్చిమిరపకాయలు తరుగుతూ తరుగుతూ చాకు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కోకుండానే పెన్సిలు అందుకుని నోటుపుస్తకంలో ఒక గీత గీసింది. పొద్దుట్నుంచి అది ఇరవై మూడో గీత. ఇంకా తొమ్మిదింపావు కూడా కాలేదు.

భోజనాల బల్ల దగ్గర, వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉండే కుర్చీలో కూర్చుని లేచిన ప్రతిసారీ ఒక గీత గీయాలి. పక్కనే ఎంతసేపు కూర్చుందో రాయాలి. నలభై సెకన్లు. రెండు నిమిషాలు. ఒక నిమిషం. పైన ఒకచోట ఆరు నిమిషాలని ఉంది కానీ, ఆ ఆరు నిమిషాలూ భర్త చొక్కాకి గుండీ కుట్టింది. దాన్ని కూర్చోవడం కింద రాయాలో వద్దో తెలియక ప్రశ్నార్థకం పెట్టుకుంది.

"అమ్మాయ్, ఈ ఫ్యాను కాస్త తగ్గించి వెళ్ళవే," అని లోపలి గదిలోంచి అత్తగారు లీలాకుమారి పిలిచింది.

"ఆఁ, వస్తున్నా అత్తయ్యా."

ఇరవై నాలుగు.

ఇదంతా కాలేజీ పని. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో భువన మళ్ళీ విద్యార్థిని అయి ఏడు నెలలైంది. ఫిల్మ్‌నగర్ కొండ దిగువన ఒక ప్రైవేటు డిజైన్ కాలేజీలో ఏడాది డిప్లొమా, వారానికి మూడు మధ్యాహ్నాలు. తరగతిలో మిగతా పద్దెనిమిది మందీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు. పాఠం చెప్పే పద్మప్రియకే ముప్పై రెండు. ఆఖరి ప్రాజెక్టు గురించి ఆమె చెప్పింది నాలుగు మాటలే: "ఒక చోటు ఎంచుకోండి. వారం రోజులు అక్కడ మనుషులు ఏం చేస్తున్నరో చూసి రాయండి. తర్వాత ఒక వస్తువో, ఒక గదో తయారుచేయండి. మనిషి ముట్టుకుంటే, కూర్చుంటే, నడిస్తే అది తిరిగి ఏదో ఒకటి చెయ్యాలె. ఊకె చూసి పోయే బొమ్మ వద్దు." పిల్లలు మెట్రో స్టేషన్లు, మాల్స్, కాఫీ షాపులు ఎంచుకున్నారు. వారం రోజులు ఇల్లు వదిలి ఎక్కడో కూర్చుని జనాన్ని చూసే వీలు భువనకెక్కడిది? అందుకని తన కుర్చీనే ఎంచుకుంది. అప్పటికి అందులో ఏదో ఉందని ఆమెకు తెలియదు. సులువుగా తెమిలిపోతుందనుకుంది, అంతే.

విశాఖపట్నంలో ఫైన్ ఆర్ట్స్ చదువుకున్న పిల్ల ఆమె. శ్రీకాంత్‌ని చేసుకునే నాటికి అతను ఒక పెద్ద ఆర్ట్ డైరెక్టరు దగ్గర నాలుగో అసిస్టెంటు. కృష్ణానగర్‌లో ఒంటిగది కాపురం. సొంతంగా మొదటి సినిమా దొరికినప్పుడు, సెట్టుకి నమూనా కట్టే మనిషి సమయానికి రాక, "నువ్వు కాస్త చెయ్యి పెట్టు భువనా" అన్నాడు. పెట్టిన చెయ్యి పదిహేనేళ్ళయినా తీయలేదు. ఒంటిగది పోయి ఫిల్మ్‌నగర్ ఫ్లాటు వచ్చింది, ఫ్లాటు పోయి జూబ్లీ హిల్స్‌లో ఇల్లు వచ్చింది. ఏ ఇంట్లోనైనా భోజనాల బల్ల సగం ఆమె నమూనాలదే. కోటలు, జైళ్ళు, కాలేజీ హాస్టళ్ళు, విలన్ల బంగళాలు, అన్నీ థర్మోకోలుతోనూ అట్టలతోనూ అక్కడే లేచాయి. ఇంటికొచ్చిన నిర్మాతలు వాటిని వంగి వంగి చూస్తుంటే, కాఫీలు అందిస్తున్న ఆమెను చూపించి శ్రీకాంత్ "మా ఆవిడకి చేతులు ఊరికే ఉండవండీ, ఏదో ఒకటి అతికిస్తూ ఉంటుంది" అనేవాడు. అబద్ధం చెప్పినట్టూ ఉండదు, నిజం చెప్పినట్టూ ఉండదు. ఒకసారి టీవీ ఇంటర్వ్యూలో, హీరోయిన్ పరిగెత్తే చుట్టుమెట్ల గురించి యాంకరు అడిగితే "కారులో వస్తుంటే తట్టిందండీ" అన్నాడు. ఆ మెట్లు భువన మూడు రోజులు కూర్చుని ఐస్‌క్రీం పుల్లలతో కట్టింది, కూతురు నిహారికకి ఆటలమ్మ పోసినప్పుడు, మధ్యమధ్య లేచి వేపమండతో విసురుతూ. టీవీ ముందు లీలాకుమారి "చూశావా, మావాడికి ఎక్కడపడితే అక్కడ ఐడియాలొస్తాయి" అని మురిసిపోయింది. భువన అవునంది. ఇంకేమంటుంది? అతనికి నిజంగానే అలా గుర్తుందేమో. అదే ఆమెను ఎక్కువ కుదిపేది. తీసుకున్నానని తెలిసి తీసుకున్నవాడితో పోట్లాడవచ్చు. తీసుకున్న సంగతే తెలియనివాడితో ఎక్కడ మొదలుపెట్టాలి?

చదువుతానంటే అతను వద్దనలేదు. "చదువుకో, నీకూ కాలక్షేపం. ఇంటికి ఇబ్బంది లేకుండా చూసుకో, అంతే" అన్నాడు. ఆ 'అంతే' ఎంతో, ఏడు నెలల్లో తెలిసింది.

గీతలు చూసి పద్మప్రియ పెదవి విరిచింది. "మీరు ఎన్నిసార్లు లేచిండ్రో రాసిండ్రు భువన గారూ. ఎందుకు లేచిండ్రో ఏది?" దాంతో భువన ఫోనుని రికార్డింగులో పెట్టి, బల్ల మీద పళ్ళబుట్ట వెనక ఉంచడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరికీ చెప్పే పెట్టింది. "మీ గొంతులు ప్రాజెక్టులో వాడతాను" అంటే శ్రీకాంత్ ఫోనులోంచి తలెత్తకుండా "వాడుకో" అన్నాడు. రెండో రోజుకి ఫోను సంగతి అందరూ మరిచిపోయారు.

నాలుగు రోజుల తర్వాత, డాబా మీద బట్టలు ఆరేస్తూ చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం మొదలుపెట్టింది. "భువనా, రిమోటు ఎక్కడ?" ఆ రిమోటు అతని తొడ కిందే ఉందని ఆమెకు గుర్తు. "అమ్మా, నా ఛార్జర్!" "అమ్మాయ్, నా కళ్ళజోడు ఇటు పడేశానేమో చూడు." "భువనా, ఎవరో బెల్లు కొడుతున్నారు." బెల్లు కొడుతున్నారని చెప్పినవాడు తలుపుకి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఇవన్నీ ఆమెకు తెలిసినవే. తెలియనిది ఒకటే. ప్రతి పిలుపు వెనకా ఒక ఆడగొంతు "ఆఁ, వస్తున్నా" అంటోంది. ఒక్క రోజులో నలభై ఏడుసార్లు. అలా అన్నట్టు ఆమెకు ఒక్కసారీ గుర్తు లేదు. ఆ గొంతులో కోపం లేదు, ప్రేమ లేదు, విసుగు కూడా లేదు. రద్దీ హోటల్లో సర్వరు గొంతులా ఉంది. తడి తువ్వాలు చేతిలో పట్టుకుని, నీళ్ళు పాదాల మీద కారుతుంటే భువన అలాగే నిలబడిపోయింది.

అప్పట్నుంచి ఆమెకు కాలు నిలవలేదు. కూర్చుంటే ఎవరో పిలుస్తారని, పిలవకపోతే ఎందుకు పిలవలేదోనని. స్టవ్ ఆపానా అని వెళ్ళి చూస్తుంది, ఆపే ఉంటుంది. ఫ్రిజ్ తెరిచి ఎందుకు తెరిచానా అని మూస్తుంది. ఆదివారం అత్తగారిని తీసుకుని తండ్రీకూతుళ్ళు ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళారు. తలనొప్పని చెప్పి భువన ఇంట్లో ఉండిపోయింది. ఖాళీ ఇంట్లో ఆ కుర్చీలో కూర్చుంది. ఇవాళ ఒక గంట కూర్చుంటాను, ఎవరున్నారు లేపడానికి, అనుకుంది. మూడు నిమిషాలు గడిచేసరికి వంటింట్లో నిలబడి ఉంది. ఎవరూ పిలవలేదు. ఎప్పుడు లేచిందో, ఎందుకు లేచిందో తెలియదు. అక్కడ నిలబడే ప్రాజెక్టు మొత్తం ఆలోచించేసింది. కూర్చుంటే పిలిచే కుర్చీ. కూర్చున్న ముప్పై సెకన్లకి ఒక పిలుపు. లేవకపోతే అదే పిలుపు ఇంకాస్త గట్టిగా. లేస్తే నిశ్శబ్దం. మళ్ళీ కూర్చుంటే ఇంకో పిలుపు. జవాబు మాత్రం ఉండదు. "వస్తున్నా" అనే గొంతుని ఆమె తీసేసింది.

కుర్చీని యూసుఫ్‌గూడలో ఓదెలు షెడ్డుకి తీసుకెళ్ళింది. ఓదెలు వడ్రంగి, శ్రీకాంత్ సెట్లకి పదేళ్ళుగా పనిచేస్తున్న మనిషి. సీటు కింద సెన్సరూ చిన్న స్పీకరూ పట్టేలా తొలిచిపెట్టమంటే, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్ సినిమాకా మేడం?"

"కాదు ఓదెలూ. నాదే. కాలేజీ ప్రాజెక్టు."

"గట్లనా! మంచిగైంది." చెవి మీది పెన్సిలు తీసి సీటు మీద గుర్తు పెట్టాడు. "సార్ నమూనాలన్నీ మీరే చేస్తరని మాకందరికీ ఎరుకే మేడం. మీరు కట్టిన దాంట్ల మెట్లు లెక్కకు సరిపోతయి. సార్ గీసిచ్చిన దాంట్ల ఎప్పుడు ఒక మెట్టు తక్కువొస్తది." నవ్వాడు.

భువన నవ్వలేకపోయింది. అందరికీ ఎరుకే. మేకులు కొట్టేవాళ్ళకి, రంగులు వేసేవాళ్ళకి, అందరికీ. తనొక్కతే అదేదో గుట్టు అనుకుని పదిహేనేళ్ళుగా కాపాడుకొస్తోంది.

వైర్లు కలపడం, ప్రోగ్రాం రాయడం తరగతిలో పిల్లలు నేర్పారు. పరీక్షించే రోజున కుర్చీని కాలేజీ హాల్లో పెట్టి ఒక్కొక్కరినీ కూర్చోమన్నారు. మొదట కూర్చున్న అమ్మాయి రెండో పిలుపుకే లేచి, సిగ్గుపడి, "నన్ను కాదు కదా ఆంటీ పిలిచింది, నేనెందుకు లేచాను?" అంది. తర్వాతి అమ్మాయి మొదటి పిలుపుకే లేచింది. ఇంకో పిల్ల లేవలేదు కానీ, కాలి మునివేళ్ళ మీద ఆనుకుని, ఏ క్షణమైనా పరిగెత్తేదానిలా కూర్చుంది. ఆ తర్వాత జగదీశ్ అనే కుర్రాడు కూర్చున్నాడు. పిలుపు మోగింది. ఫోను తీసి ఏదో చూసుకుంటున్నాడు. పిలుపు పెరిగింది. హాలంతా "భువనా, భువనా" అని మారుమోగుతోంది. ఆరు నిమిషాల తర్వాత తలెత్తి, చాలా మర్యాదగా, "ఆంటీ, ఇదెప్పుడు స్టార్ట్ అవుతుంది?" అని అడిగాడు.

ఎనిమిది మంది మగపిల్లల్లో ఏడుగురు అంతే. పద్మప్రియ ఆమెను పక్కకు పిలిచింది. "మీరేం అనుకోవద్దు. సగం మంది మీద ఇది పని చేస్తలేదు. జ్యూరీల బయటి నుంచి వచ్చెటోళ్ళు గట్టిగ అడుగుతరు. ఏమన్న మార్చగలరేమో చూడండి."

ఏం మార్చాలో తోచక కుర్చీని ఇంటికి తెచ్చుకుంది. మర్నాడు పొద్దున ఇల్లు తుడవడానికి వచ్చిన దేవమ్మ అది చూసి, ఇదేందమ్మా అంది. దేవమ్మది బోరబండ. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తోంది. భువన చెప్పకుండా, "ఒకసారి కూర్చో" అంది. దేవమ్మ మొహమాటపడి, కొంగు సర్దుకుని, కుర్చీ అంచున కూర్చుంది. "భువనా, మంచినీళ్ళు!" అని శ్రీకాంత్ గొంతు వినపడీ పడకముందే లేచి వంటింటి వైపు రెండడుగులు వేసేసింది. తర్వాత కుర్చీ వంక చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. మళ్ళీ కూర్చుని, లేస్తూ కూర్చుంటూ, అన్ని పిలుపులూ వింది.

"అన్నీ ఉన్నయి గని, నీ గొంతు లేదేందమ్మా?"

"నన్ను నేను పిలుచుకుంటానా దేవమ్మా?"

"నిన్ను గాదు. నన్ను. దేవమ్మా గిన్నెలు, దేవమ్మా గాడ తడి ఉంది, దేవమ్మా పోయేటప్పుడు చెత్త తీస్కపో. పొద్దుగాల సంది గదే గద." దేవమ్మ మాటలో నిష్ఠూరం లేదు. బకెట్టు ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెప్పింది. "ఆరేండ్లల్ల గీ ఇంట్ల నేను కూసున్నది ఎన్నడన్న చూసినవా? గిప్పుడే, నువ్వు కూసోమంటే."

ఆమె వెళ్ళాక భువన పాత రికార్డింగులు తెరిచింది. ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. దగ్గులతోనూ గిన్నెల చప్పుళ్ళతోనూ కలిపి పనికిరానివని తానే కోసి పారేసింది. తన గొంతు "దేవమ్మా!" అంటున్నప్పుడు, "ఆఁ, వస్తున్నా" అన్నప్పటిలా లేదు. అది శ్రీకాంత్ గొంతులా ఉంది. మూడు పిలుపులు ఏరి కుర్చీలో పెట్టింది. మిగతావన్నీ పెట్టడానికి పట్టినదానికంటే ఆ మూడూ పెట్టడానికి ఎక్కువసేపు పట్టింది.

అదే రోజు మధ్యాహ్నం మేడ మీంచి దిగి వస్తూ చూస్తే, లీలాకుమారి ఆ కుర్చీలో కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పులతో, అవసరమైతే తప్ప మంచం దిగని మనిషి. కుర్చీలోంచి కొడుకు గొంతు "నా కాఫీ ఏదీ?" అంది. లీలాకుమారి బల్ల అంచు పట్టుకుని, పంటి బిగువున లేచి నిలబడింది. "అబ్బాయి అప్పుడే వచ్చేశాడా?" అంది చుట్టూ చూస్తూ.

"రాలేదత్తయ్యా. అది కుర్చీలో పెట్టిన గొంతు."

ఆవిడ కుర్చీని, కోడల్ని మార్చి మార్చి చూసింది. "మీ మామగారు పోయి పదకొండేళ్ళు," అంది. "ఇప్పటికీ తెల్లారుజామున ఉలిక్కిపడి లేస్తాను, కాఫీ ఆలస్యమైతే ఎక్కడ అరుస్తారోనని." భువన ఏదో అనబోయేలోపే గొంతు మారిపోయింది. "అది సరే, ఇంట్లో గొంతులు బజార్న పెడతావుటే? నలుగురూ ఏమనుకుంటారు? నాది మాత్రం తీసెయ్."

"తీసేస్తానత్తయ్యా" అని, చెప్పినట్టే తీసేసింది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఆవిడే అడిగింది, తీసేశావా అని. తీసేశానంటే గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఉండనియ్ పోనీ. మనవరాల్నంటే చిన్నపిల్ల అనుకుంటారు. నాది లేకపోతే వాడొక్కణ్ణే ఎత్తిచూపినట్టుంటుంది."

బుధవారం సాయంత్రం శ్రీకాంత్ చాలా హుషారుగా ఇంటికొచ్చాడు. కాలేజీలో తీసిన వీడియో నిహారిక ఫోనులో చూశాడట. జగదీశ్ "ఎప్పుడు స్టార్ట్ అవుతుంది" అన్న చోట మళ్ళీ మళ్ళీ చూసి నవ్వాడట.

"భలే చేశావోయ్! నిర్మాత సుబ్బరామయ్య గారికి పంపాను. పడీ పడీ నవ్వారు. మన సినిమాలో అత్తారింటి కామెడీ ట్రాక్ ఉంది కదా, హీరో ఫ్రెండు కూర్చుంటాడు, కుర్చీ అరుస్తుంది, వాడు ఎగిరి పడతాడు. శుక్రవారం పొద్దున స్టూడియోలో డైరెక్టరుకి చూపించాలి. వ్యాను వస్తుంది, ఎక్కించి పంపించు."

"శుక్రవారం నా జ్యూరీ అండీ."

"వాళ్ళకి ఇంకోటి ఏదన్నా చేసి చూపించు. చెయ్యి తిరిగినదానివి, నీకెంతసేపు?"

"ఎవరు చేశారని చెప్పారు సుబ్బరామయ్య గారికి?"

ఆ ప్రశ్న అతనికి నిజంగానే అర్థం కాలేదు. "ఎవరు చేస్తే ఏంటి, మనింట్లోదే కదా. మనలో మనకి నీదేంటి, నాదేంటి భువనా?" అని బుగ్గ మీద తట్టి స్నానానికి వెళ్ళాడు. రెండు నిమిషాలకి లోపల్నుంచి "టవల్!" అన్నాడు. భువన టవల్ తీసుకెళ్ళి ఇచ్చింది.

గురువారం ఆమె ఏ పనీ సరిగ్గా చేయలేకపోయింది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. కూరగాయలకని బయల్దేరి, సంచీ మరిచిపోయి, చెక్‌పోస్టు దాకా నడిచి, ఎందుకొచ్చానా అనుకుని వెనక్కి తిరిగింది. ఎండలో ఎత్తు ఎక్కుతుంటే అతని మాటే తిరుగుతోంది. నీదేంటి, నాదేంటి. ఎంత మంచి మాట. ఆ మాట పెళ్ళైన కొత్తలో విని కరిగిపోయింది కూడా. కానీ ఆలోచిస్తే ఆ మాట ఎప్పుడూ ఆమెది ఏదైనా ఉన్నప్పుడే ఇంట్లోకి వస్తుంది. నా సినిమా, నా సెట్టు, నా అవార్డు, నా కారు అని అతను రోజూ అంటాడు. అక్కడెవరూ నీదేంటి నాదేంటి అనరు. అతను చెడ్డవాడు కాడు. ఆమెకు జ్వరమొస్తే డాక్టరుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తాడు. ఆమె అమ్మ పోయినప్పుడు షూటింగు ఆపుకుని వచ్చాడు. మంచితనం వేరు, ఇది వేరు అని ఎవరికైనా చెప్తే, అన్నీ ఉండి ఈవిడకేం రోగం అంటారు. రోగమే. కూర్చోలేని రోగం. పోనీ ఇచ్చేస్తే ఏమవుతుంది? సినిమా హాల్లో జనం నవ్వుతారు. నలభై ఏడుసార్లు వస్తున్నా అన్న గొంతు మీద, తెల్లారుజామున ఉలిక్కిపడి లేచే అత్తగారి మీద, చీపురు పట్టుకుని కుర్చీ అంచున కూర్చున్న దేవమ్మ మీద, ఎగిరిపడే హీరో ఫ్రెండుని అడ్డం పెట్టుకుని నవ్వుతారు. చప్పట్లు కూడా కొడతారు. కారులో వస్తుంటే తట్టిందండీ అని మళ్ళీ ఎవరో చెప్తారు.

ఇంటి గేటు దగ్గర ఆగి, లోపలికి వెళ్ళకుండానే ఫోను తీసింది.

"ఓదెలూ, ట్రాలీ ఆటో ఏమన్నా దొరుకుతుందా? ఇప్పుడే."

"దొరుకుతది మేడం. ఏడికి, స్టూడియోకా?"

"కాలేజీకి."

శుక్రవారం పొద్దున ఆమె ఏడున్నరకే కాలేజీలో ఉంది. తొమ్మిదిన్నరకి శ్రీకాంత్ ఫోన్ చేశాడు. వ్యాను ఖాళీగా తిరిగి వచ్చిందట.

"కుర్చీ కాలేజీలో ఉందండీ. నేనూ ఇక్కడే ఉన్నాను. పదకొండింటికి నా వంతు."

"నీకేమన్నా పిచ్చెక్కిందా భువనా? ఇక్కడ డైరెక్టరు గంట నుంచి కూర్చుని ఉన్నాడు!"

"కూర్చోనివ్వండి," అంది. వెటకారంగా అనలేదు. నోటికి అలా వచ్చేసింది. ఫోను సంచీలో పడేసింది.

జ్యూరీకి బయటి నుంచి ఇద్దరు వచ్చారు. యాభై దాటిన ఒకావిడ, ఫర్నిచర్ డిజైన్ చేసే ఒక పెద్దమనిషి. ఆవిడ కుర్చీలో కూర్చుని, మూడు పిలుపులు విని, చెయ్యి పిడికిలి బిగించి, నాలుగో పిలుపుకి లేచింది. కాగితం మీద ఏదో రాసుకుంది. పెద్దమనిషి హాయిగా వెనక్కి వాలి అన్నీ విన్నాడు.

"బాగుందమ్మా. కానీ మగపిల్లల మీద ఇది పని చేయలేదని మీ రిపోర్టులో మీరే రాశారు. ఏం మార్చారు మరి?"

వారం రోజులుగా ఈ ప్రశ్నకి జవాబు కోసమే ఆమె కొట్టుకుంది. ఇప్పుడు చూస్తే జవాబు తేలిగ్గానే ఉంది.

"మగపిల్లల కోసం ఏమీ మార్చలేదండీ. మారిస్తే అబద్ధమవుతుంది. ఆ పిలుపు తమకి కాదని వాళ్ళకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆడపిల్లలకి ఎవరి పేరు పెట్టి పిలిచినా తమనే అనిపిస్తుంది. కుర్చీ నేను చేశాను. ఎవరు లేవాలన్నది వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో ముందే తయారై వచ్చింది."

పద్మప్రియ తల దించుకుని నవ్వుకుంది. పెద్దమనిషి ఇంకేదో అడగబోతుండగా తలుపు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. శ్రీకాంత్ వచ్చాడు. పేరున్న ఆర్ట్ డైరెక్టరు, పిల్లలకి తెలియని ముఖం కాదు. కోపంగా వచ్చినవాడు అంతమందిని చూసి నవ్వు తెచ్చుకున్నాడు. "కూర్చోండి సార్" అని ఎవరో అన్నారు. కాదనలేక, సరదాగానే, వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ముప్పై సెకన్లు. "భువనా, రిమోటు ఎక్కడ?" అని తన గొంతే తన కిందనుంచి వినిపించింది. పిల్లలు నవ్వారు. అతనూ నవ్వాడు. మళ్ళీ ఇంకాస్త గట్టిగా. మళ్ళీ. నవ్వులు పలచబడ్డాయి. ఇంట్లో అయితే ప్రతి పిలుపు వెనకా ఒక జవాబు ఉండేది, ఆ జవాబుతో పిలుపు అక్కడికి చల్లారిపోయేది. ఇక్కడ జవాబిచ్చేవాళ్ళు లేరు. అతని గొంతు హాల్లో ఒంటరిగా అరుస్తోంది. ఐదోసారికి అతని ముఖంలో రంగు మారింది. గుంపులో భువన కోసం వెతికాడు. ఆమె గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఆపు దీన్ని," అన్నాడు మెల్లగా.

"లేస్తే ఆగుతుంది," అంది భువన.

అతను లేచాడు. హాలు నిశ్శబ్దమైపోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారు తనే నడిపాడు. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కి చెక్‌పోస్టు సిగ్నల్ దాకా వచ్చారు. ఎర్రలైటు దగ్గర ఆగాక, స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ, "నేను అన్నిసార్లు పిలుస్తానా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. అడగాల్సింది అడిగాడు, తెలుసుకోవాల్సింది కూడా తనే తెలుసుకోవాలి. అతనే మళ్ళీ అందుకున్నాడు. "సరే. డైరెక్టరుకి సర్దిచెప్పాను. సోమవారం చూపిద్దాం. ఈసారి టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తాను. 'సహకారం: భువన' అని. ప్రామిస్." పదిహేనేళ్ళలో అతను ఇంత మాట అనడం ఇదే మొదటిసారి. ఆమె ముఖం వెలుగుతుందని ఓరగా చూశాడు.

భువన అద్దంలోంచి బయటికి చూస్తోంది. సంతోషం రాలేదు. కోపమూ రాలేదు. వారాలుగా కాళ్ళల్లో తిరుగుతున్న ఆ కుదుపు ఎక్కడో ఆగిపోయినట్టుంది. లైటు పచ్చగా మారింది. వెనక బళ్ళు హారన్లు మొదలుపెట్టాయి. ఆమె తల తిప్పి, అతనికి వినపడేలా, తొందర లేకుండా చెప్పింది.

"కుర్చీ ఇవ్వాలో వద్దో సుబ్బరామయ్య గారితో నేనే మాట్లాడతాను. ఇస్తే డిజైన్ అని నా పేరు ఉంటుంది. సహకారం అని మీ పేరు వేయించుకోండి."